నోటీసు ఇచ్చాం, తేదీ ఎక్కడ?

సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఈ మాట అంటే యూనియన్‌లో ఉన్న స్నేహితులు మొహం చిట్లిస్తారు. "నువ్వు హెచ్‌ఆర్ మనిషివి, అలాగే అంటావులే" అంటారు. నిజమే. చెన్నై పక్కన ఒరగడం, శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో కార్ల విడిభాగాలు చేసే కంపెనీల్లో చాలా ఏళ్లు పర్సనల్ డిపార్ట్‌మెంటులో పనిచేశాను. సమ్మె నోటీసులు అందుకున్నవాణ్ణే తప్ప ఇచ్చినవాణ్ణి కాదు. ఇప్పుడు అంబత్తూరులో చిన్న ఫ్యాక్టరీలకు పీఎఫ్, ఈఎస్‌ఐ లెక్కలు చూసిపెడుతున్నాను కాబట్టి ఎవరి మొహమాటమూ లేకుండా రాయగలను.

నా పేచీ ఆ 14 రోజులతో కాదు, 15వ రోజుతో. నోటీసు ఇచ్చి, గడువంతా ఓపిక పట్టినవాడు ఆ తర్వాత ఏదో ఒక రోజున చట్టబద్ధంగా పని ఆపగలగాలి. ఆ రోజంటూ రాకపోతే ఇక నోటీసు దేనికి? 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సమ్మెల అధ్యాయం చదివాక నాకు అర్థమైంది ఇంతే: కంపెనీ వైపు ఒక మోస్తరు తెలివైన లాయరు ఉంటే చాలు, ఆ రోజు ఎప్పటికీ రాకుండా చూడొచ్చు.

పాత చట్టం పక్కన పెట్టి చూస్తేనే మార్పు ఎంతో తెలుస్తుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నోటీసు బాధ్యతను అందరి నెత్తినా పెట్టలేదు. రైల్వే, కరెంటు, మంచినీళ్లు, తపాలా లాంటి ప్రజోపయోగ సేవలకూ, ప్రభుత్వం ఆరేసి నెలల చొప్పున ఆ జాబితాలో చేర్చే పరిశ్రమలకూ మాత్రమే 22వ సెక్షన్ వర్తించేది. అక్కడ పనిచేసేవాళ్లు సమ్మెకు ముందు ఆరు వారాల లోపల నోటీసు ఇచ్చి, 14 రోజులు ఆగాలి. ప్లాస్టిక్ బకెట్లు చేసే కంపెనీకి ఆ సెక్షన్‌తో పని లేదు. కొన్ని కంపెనీలు స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే తమ ఉద్యోగ నియమాల్లో, నోటీసు మాట రాసుకునేవి, అది వేరే సంగతి.

కొత్త కోడ్ 62వ సెక్షన్ ఈ తేడాను చెరిపేసింది. పవర్ హౌస్‌కీ బకెట్ల కంపెనీకీ ఒకటే రూలు. సమ్మెకు ముందు 60 రోజుల లోపల నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక 14 రోజులు ఆగాలి, నోటీసులో రాసిన తేదీ రాకుండా పని ఆపకూడదు. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. సమ్మె అనే మాట ఎత్తకుండా ఒక్క రోజు బలం చూపించుకోవడానికి యూనియన్లు వాడుకునే సందు అది. దాన్నీ మూసేశారు.

శిక్షలూ పెరిగాయి. చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి పాత జరిమానా 50 రూపాయలు దాటేది కాదు, ఇప్పుడు వెయ్యి నుంచి పది వేలు. పురికొల్పినవాళ్లకు పది వేల నుంచి యాభై వేలు. కార్మికుడికి నెల రోజుల దాకా జైలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చట్టవిరుద్ధంగా లాకౌట్ చేసిన, అంటే తనే గేటు మూసి పని ఆపేసిన, యజమానికి యాభై వేల నుంచి లక్ష. అంకెలు చూస్తే యజమానికే పెద్ద శిక్ష పడినట్టుంటుంది. లక్ష రూపాయలు కార్ల కంపెనీకి ఎంతో, పది వేలు ఫిట్టరు కుర్రాడికి ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇక లెక్క వేసి చూద్దాం. యూనియన్ 1వ తేదీన నోటీసు ఇచ్చింది, 16 నుంచి సమ్మె అంది. అందుకున్న కంపెనీ అయిదు రోజుల్లో ఆ సంగతి ప్రభుత్వానికీ, కన్సిలియేషన్ (రాజీ) చూసే లేబర్ ఆఫీసరుకీ తెలపాలి. ఆయన రెండు పక్షాలనూ పిలిచి రాజీకి కూర్చోబెట్టాలి. కన్సిలియేషన్ నడుస్తున్నంత కాలం, ముగిశాక మరో ఏడు రోజులు సమ్మె చేయకూడదు. ఇంతవరకు సబబే. కానీ అది ఎప్పుడు మొదలైనట్టు? పాత చట్టంలో, ప్రజోపయోగ సేవల విషయంలో, నోటీసు ఆఫీసరు చేతికందిన రోజే మొదలైనట్టు లెక్క. కొత్త కోడ్‌లో నోటీసు అందాక ఆయన మొదటి మీటింగు పెట్టిన రోజున మొదలైనట్టు.

చూడ్డానికి చిన్న సవరణ. ఆఫీసరు మొదటి మీటింగు 15వ తేదీ మధ్యాహ్నం పెట్టాడనుకోండి. అప్పటిదాకా గడిచిన రెండు వారాలూ కార్మికుల ఖాతాలో జమ కావు. 16న పని ఆపితే చట్టవిరుద్ధం. నోటీసు మీద జరిగే కన్సిలియేషన్‌కు రిపోర్టు గడువు 14 రోజులు కాబట్టి, మొదటి మీటింగు రోజు నుంచి లెక్కేస్తే అది 29కి పడుతుంది. రాజీ కుదరలేదని ఆ రోజే రాసి పంపాడనుకుందాం. అక్కడి నుంచి ఇంకో ఏడు రోజులు.

అసలు కథంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. పాత పద్ధతిలో రాజీ విఫలమైతే వివాదాన్ని ట్రిబ్యునల్‌కు, అంటే కార్మిక వివాదాలు తేల్చే కోర్టుకు, పంపాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చేది. ఆ ఫైలు సెక్రటేరియట్‌లో ఏళ్ల తరబడి నానడం నేనే చూశాను. కోడ్ ఆ మెట్టు తీసేసి, 90 రోజుల లోపు ఏ పక్షమైనా నేరుగా ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు అంది. కార్మికులకు మేలని చెప్పారు. చాలా సందర్భాల్లో మేలే. కానీ "ఏ పక్షమైనా" అంటే కంపెనీ కూడా. ట్రిబ్యునల్‌లో కేసు ఉన్నంత కాలం, అది తేలాక ఇంకో 60 రోజులు సమ్మె నిషిద్ధం. కాబట్టి కంపెనీ లాయరు ఆ ఏడు రోజుల్లో ఒక అర్జీ పడేస్తే పని అయిపోయింది. ఆ కేసులో గెలవనక్కర్లేదు. అది నడుస్తూ ఉంటే చాలు.

చట్టబద్ధంగా మొదలైన సమ్మె నడుస్తుండగా కంపెనీ అర్జీ వేస్తే ఆ సమ్మె చట్టవిరుద్ధం అయిపోదని 63వ సెక్షన్ చెబుతోంది. మంచి నిబంధనే. కానీ మొదలుపెట్టడానికే కార్మికుడు ఏడు రోజులు చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఆ ఏడు రోజులూ అవతలివాడికి ట్రిబ్యునల్ తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఈలోగా 60 రోజులు దాటితే 1వ తేదీన ఇచ్చిన నోటీసుకు కాలం చెల్లిపోతుంది. మళ్లీ కొత్త నోటీసు, మళ్లీ 14 రోజులు. రేషన్ షాపులో టోకెన్ ఇచ్చి, మన నంబరు వచ్చేసరికి షట్టరు దించేసినట్టుంది వ్యవహారం.

యజమాని నోటీసుతో పోల్చండి. జీతం పద్ధతో, షిఫ్టు వేళలో మార్చాలంటే కంపెనీ కూడా 21 రోజుల ముందు మార్పు నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో 9ఏ అని అందరికీ తెలిసిన నిబంధనే కొత్త కోడ్‌లోనూ ఉంది. కార్మికులు వివాదం లేవదీసి కన్సిలియేషన్ మొదలైతే ఆ మార్పు కూడా ఆగాల్సిందే, కాదనను. కానీ అక్కడ పరిగెత్తాల్సింది కార్మికుడు. ఎవరూ పరిగెత్తకపోతే 22వ రోజు పొద్దున కొత్త షిఫ్టు నడుస్తుంది. సమ్మె నోటీసుకైతే లేబర్ ఆఫీసరు తప్పనిసరిగా రంగంలోకి దిగుతాడు, ఆయన వెనకాల లాయరు దిగుతాడు.

పని ఆపేవాళ్లకు చట్టం రక్షణ ఎందుకివ్వాలి అని అడిగేవాళ్లు చెన్నైలో ఉండి అడగకూడదు. ఆ రక్షణ పుట్టింది ఈ ఊళ్లో నడిచిన కేసు వల్లే. పెరంబూరులో బిన్నీ కంపెనీ బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ మొదలైంది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు స్థానికులు అనిబీసెంట్ సహచరుడు బి.పి.వాడియాను తీసుకొచ్చి అధ్యక్షుణ్ణి చేశారు. 1920 చివర్లో బకింగ్‌హామ్ మిల్లులో గొడవ ముదిరి లాకౌట్ అయ్యాక, కంపెనీ వాడియా మీదా మిగతా నాయకుల మీదా హైకోర్టుకు వెళ్లింది. కార్మికులు కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్ని వీళ్లు ఉల్లంఘింపజేస్తున్నారన్నది అభియోగం. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. చివరికి వాడియా కార్మిక ఉద్యమం నుంచి తప్పుకుంటేనే కేసు సర్దుబాటైంది. యూనియన్ పెట్టడం నేరం కాదు, కానీ యూనియన్ చేయాల్సిన పని చేస్తే ఇల్లూ వాకిలీ అమ్ముకోవాలి అన్నట్టు తేలింది. దాంతో కార్మిక నాయకుడు ఎన్.ఎం.జోషి 1921లో కేంద్ర శాసనసభలో యూనియన్లకు చట్టం కావాలని తీర్మానం పెట్టారు, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. రిజిస్టరైన యూనియన్ మీద, కార్మికులను పని ఆపమన్నందుకు మాత్రమే, సివిల్ దావా చెల్లదని దాని 18వ సెక్షన్ చెప్పింది. కొత్త కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంది.

రిజిస్టరైన యూనియన్ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సుంగువార్‌చత్రం శాంసంగ్ ఫ్యాక్టరీలో 2024 సెప్టెంబర్ 9 నుంచి అక్టోబర్ 15 దాకా 37 రోజులు సమ్మె జరిగినప్పుడు ముఖ్యమైన తగువు జీతం ఒక్కటే కాదు, యూనియన్‌కు గుర్తింపు. రిజిస్ట్రేషన్ అర్జీ లేబర్ డిపార్ట్‌మెంటులో ఆగి ఉంది, కంపెనీ తన పేరు యూనియన్ పేరులో వాడొద్దని అడ్డు చెప్పింది. వ్యవహారం మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లాక 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ వచ్చింది. రక్షణకు మొదటి షరతే ఇంత ఆలస్యమైతే నోటీసుల సంగతి తర్వాత.

వి.వి.గిరి గారి సంగతి మన తెలుగువాళ్లు రాష్ట్రపతి పదవి దగ్గరే ఆపేస్తారు. నాకు ఆయన 1937లో రాజాజీ మంత్రివర్గంలో ఇక్కడే కార్మిక మంత్రిగా పనిచేసిన మనిషి, అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపించిన మనిషి. స్వాతంత్ర్యం తర్వాత నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యాక కూడా ఆయన ఒక మాట వదల్లేదు: వివాదాన్ని బలవంతంగా ట్రిబ్యునల్‌కు ఎక్కించే దారి ఉన్నంతకాలం రెండు పక్షాలూ మనసు పెట్టి మాట్లాడుకోవు. దానికి గిరి పద్ధతి అనే పేరు కూడా వచ్చింది. తోటి మంత్రులు ఒప్పుకోలేదు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును (అవార్డును) ప్రభుత్వం మార్చేసినప్పుడు 1954లో రాజీనామా చేసి బయటికొచ్చారు. కొత్త కోడ్‌లో "ఏ పక్షమైనా" అన్న ముక్క చదివినప్పుడల్లా నాకు గిరి గారి వాదనే గుర్తొస్తుంది. ట్రిబ్యునల్‌కు వెళ్తే సమ్మె ఆగిపోతుందని తెలిసిన కంపెనీ రాజీ బల్ల దగ్గర ఏం మాట్లాడుతుంది? కాఫీ తాగి, వాయిదా అడిగి వస్తుంది.

రాజీ చర్చల్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. మా వైపు వాటిని ఇప్పటికీ "పన్నెండు మూడు" అనే అంటారు, పాత చట్టంలోని 12(3) సెటిల్‌మెంట్ అన్నమాట. అవి ఎప్పుడు కుదురుతాయో మాకు బాగా తెలుసు. మొదటి మీటింగులో కుదరవు, మూడో మీటింగులో కుదరవు. తెల్లారితే సమ్మె అనగా రాత్రి పొద్దుపోయాక కుదురుతాయి. అప్పటిదాకా "హెడ్ ఆఫీసు ఒప్పుకోదు" అన్న డైరెక్టరు ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్తాడు, తిరిగొచ్చి ఇంక్రిమెంటు అంకె ఇంకో మెట్టు పెంచుతాడు. అవతల యూనియన్ సెక్రటరీ కూడా అదే రాత్రి తన డిమాండ్లలో సగం మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఇద్దరినీ కదిలించేది ఆ తేదీ. చాలా నోటీసులు సమ్మెదాకా వెళ్లవు, నిజమే. వెళ్లవచ్చన్న భయం ఉంది కాబట్టే వెళ్లవు.

నోటీసు పద్ధతిగా ఇచ్చినా ఏమవుతుందో 1974 చూపించింది. రైల్వే సంఘాలు ఏప్రిల్ 23న నోటీసు ఇచ్చి మే 8 నుంచి సమ్మె అన్నాయి. లెక్కకు సరిగ్గా సరిపోయింది. చర్చలు నడుస్తుండగానే మే 2న సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు, డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద సమ్మెను నిషేధించారు. ఆ నోటీసు గడువును ప్రభుత్వం సర్దుబాటుకు కాకుండా జైళ్లు సిద్ధం చేసుకోవడానికి వాడుకుంది. అప్పుడు రాష్ట్రపతి వి.వి.గిరి.

2003 జూలైలో ఇదే ఊళ్లో జయలలిత ప్రభుత్వం సమ్మెకు దిగిన సుమారు లక్షా డెబ్బై వేల మంది ఉద్యోగులను, టీచర్లను విచారణ లేకుండా ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ ఆగస్టు 6న సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు రాజ్యాంగపరంగా లేదు, చట్టపరంగా లేదు, నైతికంగా కూడా లేదు అని తీర్పు చెప్పింది. క్షమాపణ పత్రం రాసిచ్చినవాళ్లను వెనక్కి తీసుకున్నారు. మొదటి రెండు మాటలు న్యాయమూర్తుల పని. మూడోది వాళ్ల పని కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు ముందే నోటీసు ఇచ్చి అక్టోబర్ 5న సమ్మెకు దిగితే, వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నారని ముఖ్యమంత్రి ప్రకటించారు. "సెల్ఫ్ డిస్మిస్" అన్న మాట మన పత్రికల్లో అప్పుడే చదివాం. యాభై రోజులు దాటాక సమ్మె విరమించి తిరిగి డ్యూటీలో చేరారు.

మరి నోటీసు ఇవ్వనివాళ్ల సంగతి? 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు గార్మెంటు ఫ్యాక్టరీల నుంచి వేలాదిమంది ఆడవాళ్లు రోడ్డెక్కారు. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్ల దాకా తీయకూడదన్న కేంద్రం నిబంధన మీద కోపం. యూనియన్ పిలుపు లేదు, నోటీసు లేదు, కార్యదర్శి సంతకం లేదు. హోసూరు రోడ్డు స్తంభించింది, బస్సులు తగలబడ్డాయి, లాఠీలు ఆడాయి. 19 సాయంత్రానికి కేంద్రం నిబంధన వెనక్కి తీసుకుంది. ఒక హెచ్‌ఆర్ మనిషిగా నాకు ఇంతకంటే టెన్షన్ పెట్టే సంగతి లేదు. పద్ధతిగా కాగితం ఇచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ట్రిబ్యునల్ మెట్లు ఎక్కితే, కాగితం ఇవ్వనివాళ్లకు రెండు రోజుల్లో జవాబు వచ్చింది. దీన్ని చూసి కార్మికులు ఏం నేర్చుకుంటారు? నోటీసు ఇచ్చే యూనియన్ ఉంటే, మాట్లాడడానికి ఒక మనిషి ఉన్నట్టు. ఆ మనిషి పరువు తీసే చట్టం కంపెనీలకు కూడా మంచిది కాదని మా పాత బాసులతో ఎన్నోసార్లు వాదించాను. "నువ్వు ఎవరి పక్షం?" అనేవాళ్లు.

బయటి దేశాల్లో ఇంతకంటే కఠినమైన రూళ్లు ఉన్నాయని కొందరు వాదిస్తారు. ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2009 చట్టం ప్రకారం రహస్య ఓటింగు జరగాలి, సభ్యులు ఒప్పుకోవాలి, మామూలు కంపెనీలో కనీసం మూడు పనిదినాల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఇవన్నీ పాటిస్తే సమ్మెకు రక్షణ వస్తుంది, దావాలు వేయడానికి వీల్లేదు. బ్రిటన్‌లో పోస్టు ద్వారా ఓటింగు ముందు నుంచే ఉంది; కనీసం సగం మంది ఓటెయ్యాలన్న షరతు, 14 రోజుల నోటీసు 2016 చట్టంతో వచ్చాయి. ఆ నోటీసును 2025 చట్టం 10 రోజులకు తగ్గించింది. అక్కడా అన్నీ సాఫీగా లేవు. 2018 జనవరిలో సిడ్నీ రైల్వే కార్మికుల సమ్మెను మొదలుకాకముందే అక్కడి కార్మిక వివాదాలు చూసే ఫెయిర్ వర్క్ కమిషన్ ఆపేసింది. కానీ ఎలా ఆపింది? రెండు పక్షాల వాదన విని, జనానికీ ఆర్థిక వ్యవస్థకూ హాని అని కారణం రాసి ఆపింది. ఆ ఆర్డరు తప్పని వాదించొచ్చు, కనీసం వాదించడానికి ఒక ఆర్డరు ఉంది. మన దగ్గర అవతలివాడు అర్జీ వేయడమే ఆర్డరు. షరతులన్నీ దాటినవాడికి అక్కడ ఒక తేదీ దొరుకుతుంది. ఓటింగు పెడతామంటే నేనైతే ఇక్కడా ఒప్పుకుంటాను. చెయ్యెత్తమని గేట్ మీటింగులో అడిగే పద్ధతి మీద నాకు పెద్ద గౌరవం లేదు, పక్కవాడిని చూసి ఎత్తే చేతులు చాలా ఉంటాయి.

నోటీసు అందాక మేము ఏం చేసేవాళ్లమో కూడా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం ఒంటికన్నుది అవుతుంది. ప్రొడక్షన్ హెడ్ వెంటనే స్టాకు లెక్క తీసేవాడు. ఓటీ (ఓవర్‌టైమ్) పెంచి, ఆదివారం కూడా షిఫ్టు పెట్టి, సమ్మె రోజులకు సరిపడా సరుకు పేర్పించేవాడు. ఆ సరుకు చేసేది నోటీసు వెనక ఉన్న కార్మికులే, ఓటీ డబ్బులు ఎవరికి చేదు? విడిభాగాలు తయారుచేసే కొన్ని డైలు (అచ్చులు) రాత్రిపూట లారీ ఎక్కి వేరే ఊరి ప్లాంటుకు వెళ్లేవి. గేటు దగ్గర కార్మికులు గుమిగూడకుండా లాయరు కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చేవాడు. కాంట్రాక్టరు అదనంగా మనుషులను పంపేవాడు. ఇందులో చాలావరకు కంపెనీకి చేసుకునే హక్కు ఉంది. కార్ల కంపెనీకి విడిభాగాలు గంటల లెక్కన వెళ్తాయి, మా లైను ఆగితే వాళ్ల లైను ఆగుతుంది. ఫర్నేసును స్విచ్ నొక్కినట్టు ఆపేయలేం. ఐసీయూ గురించి చెప్పనే అక్కర్లేదు. అందుకే మొదట్లో అన్నాను, 14 రోజులతో నాకు పేచీ లేదని. ఆ వ్యవధిలో కంపెనీ ఇన్ని సర్దుకుంటుంది కాబట్టే, చివర్లో కార్మికుడికి దొరకాల్సింది దొరకాలి అంటున్నాను.

కాంట్రాక్టరు పంపే మనుషుల్లో మనవాళ్లే ఎక్కువగా కనిపించేవారు. టెక్కలి, పలాస వైపు కుర్రాళ్లు సుంగువార్‌చత్రంలో ఒక్కో గదిలో అయిదారుగురు ఉండేవాళ్లు. ఒకసారి గేటు దగ్గర యూనియన్ నోటీసు అంటించారు, తమిళంలో. వాళ్లకు చదవడం రాదు. నేను తెలుగువాణ్ణని తెలుసు కాబట్టి క్యాంటీన్ దగ్గర పట్టుకున్నారు.

"ఏటి రాశారన్నా అందులో? పదహారు నుంచి మనం కూడా ఆపేయాలేటి?"

"మీరు యూనియన్‌లో లేరు కదరా, ఆ నోటీసు మీ తరఫున ఇచ్చింది కాదు" అన్నాను.

"మరైతే ఆ రోజు లోనికెళ్తే ఆళ్లు ఊరుకుంతారా? ఎళ్లకపోతే కంట్రాక్టరు ఊరుకుంతాడా?"

ఆ అబ్బాయి అడిగింది చట్టం గురించే, తనకు తెలియకపోయినా. పది మంది, అంతకు మించి కూడబలుక్కుని తగిన నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల జీతం దాకా కోయొచ్చన్న నిబంధన 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండేది. కొత్త వేతనాల కోడ్‌లోకి కూడా దాన్ని తెచ్చిపెట్టారు. భయపడి ఒక్క రోజు గదిలో ఉండిపోతే ఎనిమిది రోజుల కూలి. వాళ్ల తరఫున నోటీసు ఇవ్వడానికి ఎవరూ లేరు. కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ల యూనియన్ ఇచ్చినా, అది కాంట్రాక్టరుకు ఇచ్చినట్టా కంపెనీకి ఇచ్చినట్టా అన్న వాదన మీదే ఒక ఏడాది గడుస్తుంది.

నన్ను అడిగితే మార్చాల్సింది ఎక్కువేమీ లేదు. సక్రమంగా నోటీసు పడ్డాక కంపెనీ వేసే ట్రిబ్యునల్ అర్జీ దానంతట అదే సమ్మెను ఆపకూడదు. ఆపాలంటే ట్రిబ్యునల్ విని, ప్రజలకు ఫలానా ప్రమాదం ఉందని రాసి, ఇన్ని రోజులని గడువు పెట్టి ఆపాలి. అలా ఆపినప్పుడు కేసు కూడా అదే గడువులో తేల్చాలి. కన్సిలియేషన్ గడియారం పాత చట్టంలోలాగా నోటీసు అందిన రోజే మొదలవ్వాలి, అప్పుడు లేబర్ ఆఫీసరు 15వ తేదీ దాకా నిద్రపోయినా నష్టం కార్మికుడిది కాదు. ఇక బకెట్ల కంపెనీని పవర్ హౌస్‌తో కలిపి కట్టేయడం మానుకోవాలి. అమెరికాలో 1974 నుంచి ఆసుపత్రుల్లో సమ్మెకు 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ప్రత్యేకంగా ఉంది, ఎందుకంటే అక్కడ మంచం మీద మనిషి ఉంటాడు. ఆసుపత్రికి పెట్టాల్సిన షరతు బకెట్లకు పెడితే షరతు విలువే పోతుంది.

ఇవి ఎప్పుడు మారతాయో ఏమో, ఈలోగా చిన్న యూనియన్ల సెక్రటరీలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, నోటీసు ఒకసారి చూసిపెట్టండి" అంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడా రాస్తాను. సమ్మె తేదీ స్పష్టంగా రాయండి, "14 రోజుల తర్వాత ఎప్పుడైనా" అని రాయకండి. కంపెనీ కాపీ మీద ముద్ర వేయించుకోండి, వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కంపెనీ తెలుపుతుందిలే అని కూర్చోకుండా మీ కాపీ మీరే అదే రోజు లేబర్ ఆఫీసుకు తీసుకెళ్లి ఇవ్వండి, మొదటి మీటింగు వారంలోగా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. రాజీ విఫలమైన రిపోర్టు కాపీ ఆ రోజే చేతికి తీసుకోండి, ఏడు రోజులు అక్కడి నుంచి లెక్కపెట్టాలి. గేటు దగ్గర తమిళం కాగితం పక్కనే తెలుగులో, హిందీలో కూడా ఒకటి అంటించండి. అందులో కాంట్రాక్టు కుర్రాళ్లకు రెండు మాటలు రాయండి: ఈ సమ్మె మీమీద కాదు, మీ పని మీరు చేసుకోండి, మా మిషన్ల మీద మాత్రం ఎక్కకండి.